తరగతి గదిలో గొంగడి

(మహబూబ్‌నగర్‌లో ఉపాధ్యాయులు, సైటు ఇంజినీర్లు, మేస్త్రీలు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో ఒక ఆర్కిటెక్ట్ చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న విన్నపం. వెనక వరుసల్లో ఉన్న పెద్దలు దయచేసి ముందుకు వచ్చి ఈ ఖాళీ కుర్చీల్లో కూర్చోండి. మర్యాద కోసం అడగడం లేదు. నేను పలికే ప్రతి మాటా మీ దగ్గరికి ఒకసారి నేరుగా వస్తోంది. ఆ తరువాత పైనున్న స్లాబునూ, నున్నగా లప్పం పెట్టిన గోడలనూ, కింద పరచిన తాండూరు బండలనూ తాకి, కొంచెం ఆలస్యంగా మళ్లీ మళ్లీ వస్తోంది. ముందు వరుసలో నేరుగా వచ్చే మాట గట్టిగా వినిపిస్తుంది. వెనక వరుసలో మారుమోతదే పైచేయి.

ఈ ఇబ్బందిని మీ చెవి లెక్కచేయకపోవచ్చు, మెదడు మాత్రం లెక్కచేస్తుంది. ఒక అక్షరం పూర్తిగా వినబడకముందే దాని ముందరి అక్షరం మోత వచ్చి మీద పడితే, పోయిన ముక్కను మెదడు సందర్భాన్ని బట్టి ఊహించి పూరించుకుంటుంది. మనకు తెలియకుండానే జరిగినా, ఆ పని ఉత్తపుణ్యానికి జరగదు. విన్న విషయాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచుకుని దాని గురించి ఆలోచించడానికి వాడుకోవలసిన శ్రద్ధలో కొంత ఈ పూరింపుకే ఖర్చయిపోతుంది. గంటసేపు ఇలాంటి హాలులో కూర్చుని లేచినవాళ్లు ‘ఉపన్యాసం బాగానే ఉంది గాని తల బరువెక్కింది’ అంటుంటారు. ఆ బరువులో ఉపన్యాసకుడి పాపం కొంత, స్లాబు పాపం కొంత.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. ఇల్లు కట్టేటప్పుడు మనం ఎలివేషను గురించి, చదరపు అడుగు ధర గురించి, వాస్తు గురించి ఎంతో మాట్లాడుకుంటాం. కట్టిన తరువాత ఆ ఎలివేషనును చూసేది దారిన పోయేవాళ్లు. లోపల ఉన్నవాళ్ల మెదడు మాత్రం రేయింబవళ్లు ఆ గది వెలుతురునూ, మోతనూ, వేడినీ, ఎటు నుంచి ఎటు పోవాలన్న లెక్కనూ మోస్తూనే ఉంటుంది. మెదడు శాస్త్రం కట్టడాలకు గట్టిగా చెప్పగలిగింది ఈ నాలుగింటి గురించేనని నా అభిప్రాయం. మిగిలినదానిలో చాలా భాగం ఇంకా ముచ్చట్ల దశలోనే ఉంది.

ముచ్చట అన్నాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. పోలియో టీకా తయారుచేసిన జోనాస్ సాల్క్, పరిశోధన ముందుకు సాగని రోజుల్లో ఇటలీలోని అసిసీ పట్టణానికి వెళ్లి, అక్కడి మఠం ఆవరణలో గడిపినప్పుడే తన ఆలోచనకు దారి దొరికిందని నమ్మాడు. ఆ నమ్మకంతోనే తరువాత కాలిఫోర్నియాలో శాన్ డియాగో నగరంలోని లా హోయాలో తన పరిశోధన సంస్థను లూయీ కాన్ అనే ఆర్కిటెక్ట్ చేత కట్టించాడు. మన అహ్మదాబాద్ ఐఐఎం భవనాలను గీసిందీ ఈ కానే. 2003లో అదే శాన్ డియాగో నగరంలో అకాడమీ ఆఫ్ న్యూరోసైన్స్ ఫర్ ఆర్కిటెక్చర్ అనే సంస్థ ఏర్పడి, నాడీశాస్త్రజ్ఞులనూ ఆర్కిటెక్టులనూ ఒకచోట కూర్చోబెట్టింది. సాల్క్ కథ అందమైనదే. అయితే ఒక మనిషికి ఒక చోట మంచి ఆలోచన రావడం ప్రయోగం కిందికి రాదు. ప్రయోగం అంటే ఎలా ఉంటుందో చెప్పడానికి న్యూయార్కులోని ఒక బడికి వెళ్దాం.

ఆ బడి పక్కనే, స్తంభాల మీద వేసిన పట్టాలపై నగర రైలు పోతుండేది. నాలుగున్నర నిమిషాలకొక రైలు. భవనానికి ఒక వైపు తరగతి గదులు పట్టాల పక్కన, మరోవైపు గదులు దూరంగా ఉండేవి. అవే పాఠాలు, అదే బడి. అర్లీన్ బ్రోంజాఫ్ట్, డెనిస్ మెకార్థీ అనే ఇద్దరు పరిశోధకులు రెండు వైపుల పిల్లల చదివే శక్తిని పోల్చి 1975లో ప్రచురించారు. రైలు వైపు కూర్చున్న పిల్లలు వెనకబడి ఉన్నారు. ఆరో తరగతికి వచ్చేసరికి ఆ వెనకబాటు దాదాపు ఒక విద్యాసంవత్సరమంత ఉంది. పరిశోధన ఇంతటితో ఆగిపోయి ఉంటే నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు. ఆ ఫలితం చూసి రైల్వేవారు పట్టాల కింద రబ్బరు దిమ్మెలు వేశారు, విద్యాశాఖవారు గదుల పైకప్పుకు ధ్వనిని పీల్చే పలకలు బిగించారు. మళ్లీ పరీక్షించి 1981లో ప్రచురించిన ఫలితాల్లో రెండు వైపుల పిల్లల మధ్య తేడా కనబడలేదు.  ఈ మధ్యలో తగ్గించింది మోతనే.

నార్కట్‌పల్లి, చిట్యాల మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి పోతుంది, జడ్చర్ల మీదుగా 44వ నంబరు రహదారి పోతుంది. ఆ రోడ్లకు ఆనుకుని ఉన్న బడులు మీకు నాకంటే బాగా తెలుసు. లారీ పోయేటప్పుడు టీచరమ్మ మాట ఆపి, అది దాటిపోయాక మళ్లీ మొదలుపెట్టడం కూడా తెలుసు. రేకుల గదుల్లో వానాకాలం చదువు సంగతి చెప్పనే అక్కరలేదు. జల్లు పెద్దదైతే పలకల మీద రాయించుకోవడం తప్ప వేరే పాఠం సాగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పాఠం జరిగే వేళ తరగతి గదిలో బయటి చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదు, మారుమోత అణగడానికి 0.6 సెకను కంటే ఎక్కువ పట్టకూడదు. స్లాబు, సిమెంటు గోడలు, బండల నేల ఉన్న ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి చూడండి. ఆ చప్పట్లకు తోక ఎంత పొడవుందో చెవితోనే తెలిసిపోతుంది.

ఇక్కడ ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. మోతలో నుంచి మాటను వేరుచేసుకునే నేర్పు పిల్లలకు పుట్టుకతో పూర్తిగా రాదు, కౌమారం దాకా అది మెరుగుపడుతూనే ఉంటుంది. కనుక మనకు ‘వినబడుతూనే ఉంది కదా’ అనిపించిన గది ఏడేళ్ల పిల్లకు వినబడకపోవచ్చు. పైగా పోయిన అక్షరాన్ని ఊహించి పూరించుకోవాలంటే ఆ భాష ముందుగా వచ్చి ఉండాలి. తెలుగు పాఠంలో సగం మాట వినబడినా మన పిల్ల మిగతా సగం పూరించుకోగలదు. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది; ఇంట్లో తెలుగో లంబాడీయో మాట్లాడే పిల్లకు ఇంగ్లీషులో సగం మాట వినబడితే అక్కడ పూరించుకోవడానికి సామగ్రి ఏది? కొత్త భాషలో వినేవారిని మోత ఎక్కువగా దెబ్బతీస్తుందని పరిశోధనలు పదేపదే చూపాయి. మీడియం మార్చినప్పుడు గదులను కూడా ఒకసారి విని చూడవలసింది.

మోత సంగతి కొంచెం ఎక్కువ చెప్పాను, ఎందుకంటే మన కట్టడాల్లో అందరూ మరచిపోయేది అదే. ఇక వెలుతురు. మన కంటి రెటీనాలో చూపు కోసం దండకణాలు, శంకుకణాలు ఉంటాయని పదో తరగతిలోనే చదువుకున్నాం. చూపుతో దాదాపు పనిలేకుండా వెలుతురును కొలిచే గాంగ్లియాన్ కణాలు కొన్ని వేరే ఉన్నాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపింది. మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న ఈ కణాలు నీలి వెలుగుకు ఎక్కువగా స్పందించి, మెదడు అడుగున హైపోథాలమస్‌లో ఉన్న ఒక చిన్న గడియారానికి పగలు, రాత్రి కబురు పంపుతుంటాయి. ఆ గడియారాన్ని బట్టే నిద్ర, మెలకువ, ఒంటి వేడి, ఆకలి నడుస్తాయి. దానికి కావలసిన వెలుతురు మన గదుల్లో దొరకదు. ఎండపొద్దున ఆరుబయట 50 వేల నుంచి లక్ష లక్సుల దాకా (లక్సు అంటే వెలుతురు కొలత) ఉండే వెలుతురు, ట్యూబ్‌లైటు వేసిన గదిలో రెండు మూడు వందలకు మించదు. కన్ను సర్దుకుపోతుంది కాబట్టి మనకు ఆ తేడా అంతగా అనిపించదు.

పాత ఊళ్లలో భవంతి ఇళ్లు చూసినవారికి నేను చెప్పబోయేది తట్టే ఉంటుంది. నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి, చుట్టూ అర్రలు. కదలలేని ముసలమ్మ కూడా పొద్దున్నే ఆ వాకిలి అంచున కూర్చుంటే చాలు, ఆమె మెదడుకు తెల్లవారిన సంగతి చేరేది. ఇప్పుడు కోతుల బాధకు ఆ వాకిలిపై ఇనుప జాలీ బిగించారు. దుమ్ము పడుతోందని జాలీ మీద ఫైబరు రేకు వేశారు. వాన కురుస్తోందని చివరికి స్లాబే వేశారు. ఒక్కొక్క మెట్టుకూ కారణం ఉంది. ఏ మెట్టు దగ్గర ముసలమ్మ పొద్దు పోయిందో మాత్రం ఎవరూ గమనించలేదు. పగలంతా చీకటి గదిలో, రాత్రంతా తెల్లటి ఎల్‌ఈడీ కింద ఉండే పెద్దవాళ్లు ‘నిద్ర పట్టడం లేదు’ అంటే మనం మాత్ర కోసం వెతుకుతాం, కిటికీ కోసం వెతకం.

అయితే మన పూర్వికులకు అంతా తెలుసనే మాట నాతో అనిపించకండి. ఆ భవంతి ఇళ్లలోనే వంటర్రలు పొగచూరి, కిటికీ లేకుండా ఉండేవి. అందులో రోజంతా ఉన్నది ఎవరో మీకు తెలుసు. ఇలాంటి ఇళ్లు ఊళ్లో అందరికీ ఉండేవి కావన్నదీ తెలుసు. నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పొద్దంతా గర్భగుడిలో ఒకే స్తంభం నీడ పడినట్టు కనబడేలా స్తంభాలను నిలిపిన శిల్పులు వెలుతురు దారులను ఎంత నిశితంగా చూశారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. నేను వారికి మొక్కేది ఆ చూపుకు. దానికి మెదడు శాస్త్రమని పేరు పెట్టవలసిన అవసరం లేదు. పోచంపల్లిలో, పుట్టపాకలో గుంట మగ్గం ఎక్కడ దించాలో తేల్చింది కూడా ఇలాంటి చూపే. పోగు కనబడని చోట మగ్గం గుంత తవ్వుకునే నేతగాడు ఉండడు.

వాస్తు గురించి అడుగుతారని తెలుసు, ఇక్కడే చెప్పేస్తాను. తూర్పు కిటికీ పొద్దుటి వెలుతురు తెస్తుంది కాబట్టి నాకూ ఇష్టమే. ఎదురింటి గోడ మూడడుగుల దూరంలో ఉంటే మాత్రం ఆ తూర్పు కాగితం మీదే ఉంటుంది.

వేడి గురించి పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఒకరు చెప్పేదేముంది. కానీ ఒక్క విషయం. గాఢనిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం దిగాలి. పగలంతా ఎండను తాగిన స్లాబు ఆ వేడిని సరిగ్గా రాత్రిపూట గదిలోకి వదులుతుంది. మే నెలలో మంచం మిద్దె మీదికి ఎక్కేది ఇందుకే. అమెరికాలోని బోస్టన్‌లో 2016 వేసవిలో వడగాలులు వీచినప్పుడు 44 మంది విద్యార్థులను 12 రోజులు పరీక్షించారు. ఏసీ లేని హాస్టళ్లలో పడుకున్నవారు, ఏసీ ఉన్నచోట పడుకున్నవారికంటే పొద్దున పెట్టిన పరీక్షల్లో సుమారు 13 శాతం నిదానంగా స్పందించారు. వాళ్లు ఆరోగ్యంగా ఉన్న యువకులు, వాళ్ల వేడి మన వేడి ముందు ఏపాటిది? నేను ఏసీ పెట్టించమనడం లేదు. మన రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. స్లాబు మీద తెల్లటి పూత గాని, తెల్ల టైలు గాని వేస్తే ఎండ చాలావరకు తిరిగిపోతుంది. పరీక్షలు వేసవి మొదట్లో పెట్టుకునే మనం హాస్టళ్ల పైకప్పులను ఇంతకాలం వదిలేయడం ఏమిటో నాకు అర్థం కాదు.

ఇప్పుడు దారి సంగతి. ఇది నాకు ఇంట్లో జరిగినది. మా అమ్మకు చూపు బాగానే ఉంది, చదువు లేదు. కొన్నేళ్ల కింద ఒక పెద్ద ఆసుపత్రిలో మా నాయన ఆపరేషనుకు చేరినప్పుడు, మందులు తేవడానికి కిందికి దిగిన అమ్మ గంటన్నర దాకా వార్డుకు తిరిగి రాలేకపోయింది. ఏ అంతస్తు చూసినా అదే లేత ఆకుపచ్చ రంగు, అదే పొడుగు వరండా, అవే తలుపులు. ‘ఊరంత ఉంది గాని బొడ్రాయి లేదు బిడ్డా’ అన్నది. మా అమ్మ ఆ మాట అన్నప్పుడు నేను ఆర్కిటెక్చరు చదివి ఇరవై ఏళ్లు దాటింది.

ఆమె అన్నదాన్ని ప్రయోగశాలలో చూపినవారికి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎలుక ఒక చోటికి చేరినప్పుడు మాత్రమే మెరిసే, అంటే చురుకయ్యే నాడీకణాలు హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో ఉన్నాయని జాన్ ఓకీఫ్ 1971లో కనుగొన్నాడు. దాని పక్కనే ఎంటోరైనల్ కార్టెక్స్‌లో, నేలంతా గళ్లు గీసినట్టు సమాన దూరాల్లో మెరిసే కణాలను మే-బ్రిట్ మోసెర్, ఎడ్వర్డ్ మోసెర్ దంపతుల బృందం 2005లో బయటపెట్టింది. ఈ రెండూ కలిసి మెదడులో చోటు పటం గీస్తాయి. ఆ పటం నిలబడాలంటే బయట ఆనవాళ్లు కావాలి: ఒక వేపచెట్టు, ఒక మలుపు, ఒక కిటికీలో కనబడే గుట్ట. ఊరిలో బొడ్రాయి, రచ్చబండ, చింతచెట్టు చేసే పని అదే. ఒకదాన్ని పోలిన వరండాలు ఐదు పేర్చి, మూలమూలకు బోర్డులు పెడితే, చదువుకున్నవాడు బోర్డు పట్టుకుని నెట్టుకొస్తాడు, చదువు లేనివాళ్లు పోయే దారి ఉండదు. ఆల్జైమర్స్ జబ్బు మొట్టమొదట దెబ్బతీసే చోట్లలో ఈ ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. మతిమరుపు మొదలైన పెద్దవాళ్లు తెలిసిన దారిలోనే తప్పిపోవడానికి అది ఒక కారణం. కాబట్టి ఆసుపత్రి గీసే ఇంజినీరు మిత్రులకు నా సలహా ఖర్చులేనిది: ఒక్కో అంతస్తుకు మెట్ల దగ్గర ఒక్కో పెద్ద బొమ్మ వేయండి. ఒకచోట ఎద్దు, ఒకచోట నెమలి, ఒకచోట తాటిచెట్టు. ‘నెమలి దగ్గర ఎడమకు తిరుగు’ అని ఎవరైనా ఎవరికైనా చెప్పగలరు.

ఆ ఆసుపత్రిలోనే మా నాయన మంచానికి ఎదురుగా సున్నం గోడ ఉండేది. నాకు అప్పుడు రోజర్ ఉల్రిచ్ వ్యాసం గుర్తుకొచ్చింది. 1984లో సైన్స్ పత్రికలో అచ్చయిన రెండు పేజీల వ్యాసమది. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషను అయినవారి రికార్డులు తీసి, వయసు, ఆడామగా, ఆరోగ్యం వంటివి కలిసేలా 23 జతలు కట్టాడు. జతలో ఒకరి కిటికీలో చెట్లు, మరొకరి కిటికీలో ఇటుక గోడ. చెట్లు చూసినవారు సగటున 7.96 రోజుల్లో, గోడ చూసినవారు 8.70 రోజుల్లో ఇంటికి వెళ్లారు. చెట్లు చూసినవారికి గట్టి నొప్పి మందులు కూడా తక్కువ అవసరమయ్యాయి. 46 మంది చిన్న లెక్కే. ఒకే ఆసుపత్రి, ఒకే రకం ఆపరేషను. దీని మీద పెద్ద మేడలు కట్టకూడదు. అయినా మంచాన్ని కిటికీ వైపు తిప్పడానికి ఇంతకంటే పెద్ద రుజువు అడగడం కూడా అన్యాయమే. పిల్లలమర్రి కింద కాసేపు కూర్చుని వచ్చిన పాలమూరు వాళ్లకు చెట్టు గురించి నేను ఇంకేం చెప్పను?

ఈమధ్య ‘న్యూరో’ అనే మాట తగిలించి వంపు గోడలు, గుండ్రటి గదులు అమ్మేవారు హైదరాబాదులో కనబడుతున్నారు. వారు చూపే పరిశోధనల్లో 2013 నాటిది ఒకటి ఉంది. మనుషులను ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి గదుల ఫొటోలు చూపించారు. వంపులున్న గదులను అందమైనవిగా ఎక్కువమార్లు ఎంచారు. ఆ గదిలోకి వెళ్తారా, బయటే ఆగుతారా అని అడిగినప్పుడు మాత్రం వంపులకూ మూలలకూ తేడా రాలేదు. ఈ రెండో సగం అమ్మకాల కాగితాల్లో ఉండదు. సొరంగంలాంటి యంత్రంలో కదలకుండా పడుకుని ఫొటో చూడడం ఒకటి, ఆ గదిలో పదేళ్లు కాపురం చేయడం మరొకటి. నా దగ్గర పరిమితమైన డబ్బు ఉంటే దాన్ని వంపు గోడ మీద పెట్టను. కిటికీ మీద, పైకప్పు పూత మీద, మారుమోత మీద పెడతాను.

చివరగా, మారుమోత మీద ఎంత డబ్బు పడుతుందో చెప్పి ముగిస్తాను. గత ఏడాది మన జిల్లాలోనే ఒక ప్రభుత్వ బడిలో ఐదో తరగతి గదికి ఏదైనా చేయమని హెడ్‌మాస్టరు గారు అడిగారు. ధ్వని పలకలకు కొటేషను తెప్పిస్తే ఆయన నవ్వి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఉన్ని మంచి ధ్వనిశోషకం, పాలమూరు గొంగడి నల్ల గొర్రె ఉన్ని. కురుమల దగ్గర పాతబడిన గొంగళ్లు ఆరు కొని, వెదురు చట్రాలకు కట్టి, గోడకు రెండంగుళాల ఎడం ఉండేలా వెనక గోడ మీద నాలుగు, టీచరుకు ఎడమ పక్క గోడ మీద రెండు బిగించాం. ఉన్ని వెనక గాలి ఖాళీ ఉంటే అది మోతను ఇంకా బాగా పీల్చుకుంటుంది, అందుకే ఆ ఎడం. చప్పట్ల తోక తెగినట్టే తగ్గింది. గొంగళ్లకు పురుగు పడుతుందని మేస్త్రీ ముందే హెచ్చరించాడు, ఆయన మాటే నిజమైంది. ఇప్పుడు రెండు నెలలకొకసారి దించి ఎండలో వేస్తున్నారు. నిప్పు భయం లేకుండా కరెంటు బోర్డులకు దూరంగా కట్టాం. ఆ గదిలో పాఠం చెప్పే టీచరమ్మ సాయంత్రానికి గొంతు పోవడం తగ్గిందన్నది. పిల్లలు ఏమన్నారని అడిగితే, వెనక బెంచీ పిల్లవాడొకడు ‘సారూ, ఇప్పుడు మా మాటలు కూడా మేడమ్‌కు వినబడుతున్నయి’ అని మొరపెట్టుకున్నాడు.

ఆ గొంగళ్లలాంటివే నాలుగు ఇవాళ వెంట తెచ్చాను, చట్రాలతో సహా అక్కడ తలుపు పక్కన ఉన్నాయి. మేస్త్రీలు ఇద్దరు సాయం వస్తే వెనక గోడకు ఆనించి నిలబెడదాం. ఒకసారి పెట్టకముందు, ఒకసారి పెట్టాక చప్పట్లు కొట్టి విందాం. ఆ తరువాత మైకు ఆపేసి, మీ ప్రశ్నలు తీసుకుంటాను.